ఇంటి మరమ్మతు - ఒంటి జాగ్రత్త

తుఫాను వెలిసిన మర్నాడు మన డెల్టా ఊళ్ళలో ప్రతి ఇంటి పెద్దా ఒక మేస్త్రీయే! ఎగిరిపోయిన పెంకులు సర్దేవారు కొందరు, నీళ్ళకు ఉబ్బిన తలుపును చిత్రిక పట్టేవారు కొందరు, తడిసిన స్విచ్ బోర్డు విప్పేవారు మరికొందరు. రేపల్లె, బాపట్ల ప్రాంతాల వారికి 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదటివారంలో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు రాగా రేపల్లె వైపు లంక గ్రామాలు మునిగాయి. అలాంటప్పుడు ఊరంతటికీ ఒకేసారి పని పడుతుంది. ఎలక్ట్రీషియన్, ప్లంబరు తెనాలి వంటి పట్నంలోనే దొరకరు; ఇక పల్లెల మాట చెప్పాలా?

సొంత చేతులతో ఇల్లు బాగుచేసుకోవడం మంచిదే. డబ్బు మిగులుతుంది, ఒంటికి వ్యాయామమూ అవుతుంది. అయితే ఏ పనిలో ప్రాణాపాయం ఉన్నదో ముందు తెలుసుకోవాలి.

కరెంటు పని

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. పొడి చర్మం దానికి కొంతవరకు అడ్డు నిలుస్తుంది. చెమట పట్టిన చేతులు, తడి కాళ్ళు అయితే ఆ అడ్డు చాలావరకు పోతుంది. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుని, పట్టుకున్న తీగను వదలలేకపోవచ్చు. 'కరెంటు పట్టేసింది' అని మనం అనేది దీన్నే. 100 మిల్లీ ఆంపియర్లు ఛాతీగుండా పోతే గుండె లయ తప్పి, క్షణాల్లో మనిషి కుప్పకూలవచ్చు.

'ఫ్యూజు ఉంది కదా!' అని ధీమా పడకండి. 5 ఆంపియర్ల ఫ్యూజు అంటే 5,000 మిల్లీ ఆంపియర్లన్నమాట. అది తీగలు కాలిపోకుండా ఇంటిని కాపాడుతుంది గానీ మనిషిని కాపాడలేదు. ఆ పని చేసేది ఆర్.సి.సి.బి. అనే పరికరం. 30 మిల్లీ ఆంపియర్ల రకం పెట్టించుకుంటే, కరెంటు దారి తప్పి నేలలోకి పోతున్నదని పసిగట్టి రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దానితోపాటు ఎర్తు కూడా సరిగా ఉండాలి. కొత్త చీరకో, టి.వి.కో పెట్టే ఖర్చు ముందు దీనికి పెట్టండి.

చిన్న పని అయినా ఈ వరుస తప్పవద్దు:

1. గోడ మీది స్విచ్చు ఆపితే చాలదు. మెయిన్ ఆపండి. ఫ్యూజు క్యారియరు ఊడదీసి జేబులో వేసుకోండి. లేకపోతే 'కరెంటు పోయిందేమిటి?' అనుకుని ఇంట్లోవాళ్ళే మళ్ళీ వేస్తారు.

2. ఇన్వర్టరును మరిచిపోకండి. మెయిన్ ఆపగానే అది పని మొదలుపెడుతుంది; తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. దాన్నీ ఆపండి.

3. టెస్టరును ముందుగా కరెంటు ఉన్నచోట పెట్టి వెలుగుతున్నదో లేదో చూసుకోవాలి. ఆ తరువాతే మీరు పనిచేసే చోట పరీక్షించండి. చెడిపోయిన టెస్టరు ఎక్కడ పెట్టినా వెలగదు!

బల్బు, ప్లగ్గు, స్విచ్చు మార్చడం వరకే మీ పని. నీట మునిగిన బోర్డు, మీటరు, తడిసిన మోటారు, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మీవి కావు. రెండు రోజులు చీకట్లో ఉన్నా పరవాలేదు. తెగిపడిన తీగ కనిపిస్తే దూరంగా ఉండి 1912కు ఫోను చేయండి.

షాక్ కొడితే?

ఆత్రంకొద్దీ మనిషిని పట్టుకోకండి, మీరూ అంటుకుపోతారు. ముందు మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో తీగనుంచి వేరుచేయండి. వీధి లైను తీగ అయితే ఇదీ పనికిరాదు. సరఫరా ఆపించేదాకా దగ్గరకు పోవద్దు. మనిషి పలక్కుండా, ఊపిరి తీయకుండా ఉంటే ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు వెంటనే రొమ్ము నడుమ రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఆన్చి, రెండంగుళాల లోతు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. షాక్ తగిలి లేచి కూర్చున్నవారినీ ఆస్పత్రిలో చూపించాలి. గుండె లయ తరువాత తప్పవచ్చు.

కుళాయి పని

కుళాయికి వాషరు మార్చడం, దారం చుట్టి బిగించడం ఎవరైనా చేయవచ్చు. మురుగు కాలవ పక్కన పగిలిన మంచినీటి గొట్టం సంగతి వేరు. సరఫరా ఆగినప్పుడు ఆ పగులులోంచి మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. టైఫాయిడ్, కామెర్లు, కలరా వచ్చే దారి అదే. గొట్టం అతికించాక కొంతసేపు నీళ్ళు వదిలేయండి. తాగేనీరు కాచి చల్లార్చండి. ట్యాంకులో 1000 లీటర్ల తేటనీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగాలి. బ్లీచింగునూ, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌నూ ఎన్నడూ కలపకండి. వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

సెప్టిక్ ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు, ఎవరినీ దించకూడదు. అందులోని విషవాయువుకు మొదట దిగినవాడు పడిపోతే, అతన్ని తీయబోయినవాడూ పడిపోతాడు.

మేకు గుచ్చుకుంటే

తుప్పు వల్ల ధనుర్వాతం రాదు. మట్టిలో, పేడలో ఉండే క్రిములు మేకుతోపాటు లోతుకు పోవడం వల్ల వస్తుంది. కాబట్టి కొత్త మేకు అయినా అపాయమే. గాయాన్ని ధారగా పోసే నీటితో, సబ్బుతో బాగా కడగండి. పేడ, సున్నం, కాఫీపొడి అద్దకండి. చివరి టెటనస్ ఇంజెక్షను తీసుకుని 5 ఏళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి. అసలు ఎప్పుడూ వేయించుకోనివారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. పుండ్లున్న కాళ్ళతో వరదనీటిలో తిరిగాక జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు కనిపిస్తే ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు, ఆలస్యం చేయవద్దు.

కొయ్య రంపం పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు, కంటికి అద్దాలు ఉండాలి. రంపపు పొట్టు ఉబ్బసాన్ని రేపుతుంది. ఏళ్ళ తరబడి పీల్చేవారికి ముక్కులో క్యాన్సరు కూడా రావచ్చు. తడిసిన పెంకుటింటిపైకి ఒంటరిగా ఎక్కకండి. కింద నిచ్చెన పట్టుకునే మనిషి ఉండాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. వచ్చే తుఫాను కబురు రాకముందే ఆర్.సి.సి.బి. బిగించుకుని, టెటనస్ ఇంజెక్షను వేయించుకోండి. మెయిన్ ఎక్కడుందో, ఎలా ఆపాలో ఇంట్లో ఆడవారికీ, ఎదిగిన పిల్లలకూ ఈరోజే చూపించండి. ఆపదలో మిమ్మల్ని బతికించేది వాళ్ళే.