గడి ఖాళీగా వుంటే బుర్ర ఖాళీ అనా?

పోస్టరంటే మన సంఘాలకు కొత్త కాదు. మైదా గంజి కాచి, అర్ధరాత్రి ఆదోనిలో, యెమ్మిగనూరులో గోడలకు అంటించేది మనకు తెలిసిన పోస్టరు. డాక్టరు చదువుల్లో ఇంకో రకం పోస్టరుంది. ఒక జబ్బు మీద చేసిన పరిశోధనను పెద్ద షీటు మీద అచ్చేసి, డాక్టర్ల సదస్సులో పెట్టి, పక్కన నిలబడి వచ్చినోళ్ళకు వివరిస్తారు. దాన్నే వివరంగా రాసి వైద్య పత్రికలో అచ్చేయిస్తే అది పేపరు. నీకు పోస్టర్లెన్ని, పేపర్లెన్ని అని అప్లికేషన్లలో గడులు పెట్టి అడుగుతున్నారు. ఆ గడి నిండినోడే మెరిట్ వున్నోడట!

ఏ అప్లికేషన్లో? మనదేశంలో ఎంబీబీఎస్ సీటుకు నీట్ ర్యాంకే చూస్తారు. గడి తర్వాత ఎదురౌతుంది. భారత వైద్య మండలి వున్నప్పుడు పీజీ విద్యార్థి ఒక పోస్టరు పెట్టాలి, సదస్సులో ఒక పేపరు చదవాలి, ఇంకొకటి అచ్చుకు పంపాలి, అప్పుడే ఆఖరి పరీక్షకు కూర్చోనిస్తామన్నారు. 2020లో ఆ మండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. పోస్టరు, పేపరు మాత్రం పోలేదు. అమెరికాలోనైతే వైద్య కళాశాలలో చేరే అప్లికేషన్లోనే వీటికి పద్దులున్నాయి. మన డాక్టర్లు అక్కడ శిక్షణకు పోవాలంటే రాసే మొదటి పరీక్షలో 2022 జనవరి నుంచి మార్కులు తీసేసి పాసు, ఫెయిలు మాత్రమే ఇస్తున్నారు. మార్కు పోయిన చోట పేపర్ల లెక్క బరువెక్కింది.

1990లో మండల్ కు ఎదురుగా రోడ్డెక్కి, బూట్లు పాలిష్ చేసి, మెరిట్ చచ్చిపోతోందని ఏడ్చినోళ్ళు గుర్తున్నారు కదా. అప్పుడు మెరిటంటే మార్కులు. మన పిల్లలు మార్కులు తెచ్చుకుంటూ వుంటే ఇప్పుడు మెరిట్ మార్కుల్లో లేదు, 'ప్రొఫైల్'లో వుందంటున్నారు. మనం మెట్టెక్కే లోపల ఇంకో మెట్టు కడతారు.

ఆ గడి ఎట్లా నిండుతుందో చూద్దాం. పరిశోధనకు గైడు కావాలి. గైడు దగ్గరికి పోయేంత చనువు కావాలి. సదస్సు ఫీజు, రైలు చార్జీ, లాడ్జి కావాలి. సెలవుల్లో కూలికి పోనక్కరలేని ఇల్లు కావాలి. నాన్న డాక్టరైతే, మామ ప్రొఫెసరైతే ఇవన్నీ ఇంట్లోనే వుంటాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పిల్లోడికేముంటాయి? వానల్లేని ఏడు అమ్మానాయన సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోతారు. చిన్నపిల్లల్ని బడి మాన్పించి వెంటబెట్టుకుపోతారు. అంతటిలోంచి ఒకడు తప్పించుకుని కర్నూలు మెడికల్ కాలేజీ మెట్లెక్కితే, వాడు నడిచిన దూరం రాసుకోను ఏ అప్లికేషన్లో గడి వుంది?

కాలేజీ లోపలికి పోయినంక కూడా గైడు చూపు కులాన్ని దాటదు. ఢిల్లీ ఎయిమ్స్ మీద 2007లో థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక చదవండి. తమకు టీచర్ల నుంచి తగిన సాయం అందడం లేదని ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో ఎక్కువమంది చెప్పారు. సాయం చేయకపోవడం వాళ్ళ వంతు, గడి ఖాళీగా వుందని వెక్కిరించడమూ వాళ్ళ వంతేనా?

అసలు సంగతి ఇంకోటుంది. మనం ఆ పోస్టర్లలో లేమని కాదు. వున్నాం, కేసులుగా వున్నాం! సర్కారు ఆస్పత్రి మంచాల మీద పడుకునేది ఎవరు? రక్తం ఇచ్చేది, ఎక్స్ రే తీయించుకునేది, మందు పనిచేసిందా లేదా అని లెక్కకొచ్చేది ఎవరు? మాల మాదిగలు, బోయలు, కురువలు, పేద ముస్లింలు. రోగి పేరు దాచిపెట్టడం న్యాయమే, దాన్ని మేం తప్పు పట్టడం లేదు. మేం అడిగేది పైన రాసిన పరిశోధకుల వరసలో మన పేరెక్కడ అని. జబ్బు మనది, పేపరు వాళ్ళది అయితే అది జ్ఞానంలో వెట్టిచాకిరి కాదా?

ఈ పేపర్లకు బజారు కూడా పుట్టింది. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణులు పరిశీలించి అచ్చేస్తామని మోసం చేశారని, ఫీజులు ముందు చెప్పకుండా దాచారని ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని ఆదేశించింది. డబ్బిచ్చి అచ్చేయించుకుంటే నిండే గడిని మెరిట్ అందామా?

అట్లని పరిశోధన మనకొద్దని కాదు. అంబేడ్కర్ మొదటి పేపరేది? 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయం సెమినార్లో చదివిన 'భారతదేశంలో కులాలు'. మరుసటి ఏడాది ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో అచ్చయింది. అప్పటికాయనకు పాతికేళ్ళు. తెలివి ఆయనదే. దాంతోపాటు బరోడా స్కాలర్‌షిప్పు, లైబ్రరీ, కూర్చోను కుర్చీ దొరికాయి. మన పిల్లలకు లేనిది తెలివి కాదు, ఆ కుర్చీ.

ఆ కుర్చీ ఆదోనికి రావాల్సింది. ఆదోనికి ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరైంది. 2023లో తెచ్చిన 107, 108 జీవోలు కొత్త కాలేజీల్లో రాష్ట్ర కోటా సీట్లు సగం అమ్మకానికి పెట్టాయి: 35 శాతం ఏడాదికి 12 లక్షలకు, 15 శాతం ఎన్నారైలకు 20 లక్షలకు. 2025 సెప్టెంబరులో వచ్చిన మంత్రివర్గ నిర్ణయం ఆదోనిని కూడా ప్రైవేటు భాగస్వామ్యం లిస్టులో చేర్చింది. ఒక ప్రభుత్వం సీట్లమ్మితే ఇంకోటి కాలేజీనే అప్పజెప్తానంటోంది. రోగులు మనూరోళ్ళు, పేపర్ల మీద పేర్లు సీటు కొన్నోళ్ళవి. ఇది సాగనియ్యకూడదు.

మా డిమాండ్లు ఇవి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల సదస్సు ఫీజు, ప్రయాణం, అచ్చు ఖర్చు సబ్‌ప్లాన్ నిధుల నుంచి ఇవ్వాలి. గైడుల్ని చనువును బట్టి కాదు, జాబితా ప్రకారం కేటాయించాలి. మన ఊళ్ళలో చేసిన పరిశోధనలో ఏం తేలిందో తెలుగులో మన ఊళ్ళకొచ్చి చెప్పాలి.

మన పిల్లలకూ ఒక మాట. ఎంబీబీఎస్ వాళ్ళకు రెండు నెలల పరిశోధనకు ఐసీఎంఆర్ 1979 నుంచి స్టైఫండు ఇస్తోంది. అడగండి, వదలొద్దు. ఆదోని జిన్నింగు మిల్లుల దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల మీద, యెమ్మిగనూరు మగ్గం గుంతలో వంగిన నడుముల మీద, పత్తి చేలల్లో పురుగుమందు కొట్టిన చేతుల మీద పని చేయండి. మీ అవ్వాతాతల జబ్బులు మీకంటే ఎవరికి తెలుసు? చేసింది చేసినట్టు రాయండి. పోస్టరును పోస్టరనే, అచ్చుకు పంపినదాన్ని పంపాననే రాయండి. మీ పేరు మూడోది అయితే మూడోదిగానే చూపండి. వాళ్ళ అబద్ధం వాడొక్కడికే చెల్లుతుంది, మన అబద్ధాన్ని కులమంతటికీ అంటగడతారు.

మన ఒళ్ళు వాళ్ళ పేపర్లకెక్కింది చాలు. ఇంక మన పేర్లెక్కాల!

జై భీమ్!