పిలవని పేరంటం

సూరత్ నగరపు మరమగ్గాల షెడ్లలో తెలంగాణ నుండి వలస వెళ్ళిన నేతకార్మికులు ఎందరో కలరు. మరమగ్గాన్ని వారు ‘సాంచా’ అంటారు. పాత పద్ధతి జకార్డు అమర్చిన మగ్గంపై పూవు మార్చవలసివస్తే మగ్గాన్ని విప్పరు. చిల్లులు పొడిచిన అట్టల వరుసను మారుస్తారు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశీయుడు జోసెఫ్ మారీ జకార్డు రూపొందించిన ఈ ఏర్పాటులోని కిటుకు ఒక్కటే: యంత్రం వేరు, యంత్రానికిచ్చే ఆదేశం వేరు.

ఇదే కిటుకు నేటి కంప్యూటరులోనూ కలదు. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌లో ‘కెర్నెల్’ అనే మూలభాగం ఉంటుంది. అవసరాన్నిబట్టి దానికి తగిలించే విడిభాగాలే మోడ్యూళ్ళు. అవి పనిలోకి దిగే క్షణంలో ఎలా నడుచుకోవాలో తెలిపే చిన్న ఆదేశాలను ‘ఆప్షన్లు’ అంటారు.

‘బాండింగ్’ అనే మోడ్యూలును చూడండి. రెండు పోగులను పురిపెట్టి ఒక దారం చేసినట్లు, ఇది రెండు నెట్‌వర్కు తీగలను కలిపి ఒకే తీగగా చూపుతుంది. ఒకటి తెగినా రెండవది పని నడుపుతుంది. అలా కలిసిన తీగ చేతికి దొరికేది కాదు, కంప్యూటరు కల్పించుకున్నది.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఈ మోడ్యూలు పనిలోకి దిగగానే, ఎవరూ కోరకుండానే, ‘బాండ్0’ అనే తీగను తానే సృష్టిస్తుంది. అదే పేరుతో తీగను నిర్మింపబోయిన నిర్వాహకునికి ‘అది ఇదివరకే ఉన్నది’ అనే జవాబు ఎదురవుతుంది. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి: ఆ తీగ యజమాని కోరి పెట్టుకున్నదా, తనంతట పుట్టినదా అన్నది నెట్‌వర్కును చూచుకొనే ప్రోగ్రాములకు తెలిసే మార్గం లేదు. ‘డమ్మీ’ మోడ్యూలు ఒక తీగను, ‘ఐఎఫ్‌బి’ రెండింటిని ఇలాగే కల్పిస్తాయి.

పరిష్కారం ఒక్క పంక్తి. ‘మోడ్‌ప్రోబ్.డి’ అనే ఫోల్డరులో ‘కాన్ఫ్’ అని ముగిసే ఫైలు నొకదానిని ఉంచి, అందులో ‘ఆప్షన్స్ బాండింగ్ మాక్స్_బాండ్స్=0’ అని వ్రాస్తే చాలు. ‘సిస్టమ్‌డి’ అనే సుప్రసిద్ధ వ్యవస్థ ఈ పంక్తిని ముందుగానే చేర్చి పంపుతున్నది. ఏ మోడ్యూలుకు ఏ ఆప్షన్లున్నవో ‘మోడ్‌ఇన్‌ఫో’ అనే ఆజ్ఞ చెబుతుంది.

అయితే మూడు జాగ్రత్తలు అవసరం. నేసిన తరువాత అట్ట మార్చితే నేసిన బట్ట మారదు. అట్లే ఈ ఆదేశం మోడ్యూలు ఎక్కేటప్పుడే చెల్లుతుంది. ఎక్కిన దానిని దింపి మరల ఎక్కించాలి, లేదా కంప్యూటరును తిరిగి ప్రారంభించాలి. మోడ్యూలు కెర్నెల్‌లోనే కలిసిపోయి ఉంటే ఆ ఫైలు పనిచేయదు. ప్రారంభ ఆజ్ఞలోనే ‘బాండింగ్.మాక్స్_బాండ్స్=0’ అని చేర్చాలి. ఇక దూరప్రాంతం నుండి ఆ తీగ మీదుగానే పనిచేస్తూ మోడ్యూలును దింపడమంటే, కూర్చున్న కొమ్మను నరుక్కొనడమే.

సహాయబుద్ధితోనే అయినా, అడుగకుండా చేసిన ఏర్పాటు ఇంటివారి ఉద్దేశాన్ని మరుగుపరుస్తుంది. పేరంటానికి ఎవరు రావాలో నిర్ణయించే పిలుపు ఇంటివారి నోటినుండే రావాలి. ఒక్కొక్కప్పుడు ఆ పిలుపు కేవలం ఒక సున్న.