ఆరోగ్య శీర్షిక: పదివేలలో పద్దెనిమిది

ఈసారి ఒక లెక్క చెప్పుకుందాం. భయపడకండి, ఎక్కాలు వస్తే చాలు.

కోవిడ్ రోజుల్లో మనందరం చేయించుకున్న ముక్కు పరీక్ష వైరస్‌నే పట్టుకుంటుంది. వైరస్ వెళ్ళిపోయాక దానికి దొరికేదేమీ ఉండదు. రక్త పరీక్ష వెదికేది యాంటీబాడీలను, అంటే వైరస్ వచ్చిపోయిన జాడను. అవి తగినంతగా పుట్టడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది గనుక, నిన్న జ్వరం వచ్చిన మనిషికి ఇది పనికిరాదు. పద్ధతి వినడానికి తేలికే. వైరస్ పైనుండే స్పైక్ అనే ముల్లులాంటి ప్రోటీన్‌ను ప్లాస్టిక్ పలకలోని చిన్న గుంటలకు అంటిస్తారు. అందులో సీరం బొట్టు వేస్తారు. యాంటీబాడీలుంటే అతుక్కుంటాయి, మిగతాది కడిగేస్తారు. ఆ తరువాత వేసే మందుకు రంగు వస్తే జాడ ఉన్నట్టు.

చిక్కెక్కడంటే, మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు కూడా నాలుగున్నాయి. వాటి కోసం పుట్టిన యాంటీబాడీలు ఒక్కోసారి ఇక్కడా అతుక్కుంటాయి. నూటికి ఒక్కసారి పొరబడే పరీక్షను మంచి పరీక్షే అంటాం. కాని పదివేల మందికి చేస్తే, జబ్బే రాని నూరుమందికి వచ్చినట్టు చూపిస్తుంది. నిజంగా వచ్చినవాళ్ళు పదిమందే అయితే? దొంగలు లేని ఊళ్ళో కుక్క మొరిగితే వచ్చింది చుట్టాలే!

2020లో న్యూజీలాండ్ అటువంటి ఊరు. అందుకని ఇక్కడి పరిశోధకులు ఒక్క పరీక్షతో ఊరుకోక, వరసగా కొన్నిటిని పెట్టి, పొరపాటున 'ఉంది' అనడం వీలైనంత తగ్గేలా చూసుకున్నారు. 2020 డిసెంబరు 3 నుంచి 2021 జనవరి 6 వరకు రక్తదాతల నుంచి 9,806 నమూనాలు తీశారు. జాడ తేలినవి 18. వాటిలో 6 అంతకుముందే కోవిడ్ అని తేలినవారివి. మరో 4 జబ్బు ఎక్కువగా ఉన్న చోట్లకు వెళ్ళివచ్చినవారివి. మిగిలినవి 8. అన్నీ సరిచూసి వేసిన అంచనా 0.1 శాతం.

ఆ ఏడాది సరిహద్దులు మూసేయడంతో మనలో ఎందరో పెళ్ళిళ్ళకే కాదు, కన్నవారి ఆఖరి చూపుకూ నోచుకోలేదు. అంత చేసీ జబ్బు లోలోపల పాకిందా అన్న అనుమానానికి ఆ 8 సమాధానం.

మన హైదరాబాదు లెక్క ఇందుకు తలకిందులు. 2021 మొదట్లో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో సుమారు 9,000 మందిని పరీక్షిస్తే 54 శాతంలో యాంటీబాడీలు కనిపించాయి. వారిలో ముప్పాతిక మందికి తమకు జబ్బు వచ్చినట్టే తెలియదు! అంతమందిలో నూటికొక పొరపాటు లెక్కలోకే రాదు. ఇక్కడైతే అదే కొంప ముంచేది.

ఇప్పుడు స్పైక్ పరీక్ష ఒక్కటే చేయించుకుంటే తెలిసేది తక్కువ. మనం వేయించుకున్న ఫైజర్ టీకా శరీరానికి చూపించేదీ ఆ స్పైక్‌నే, కాబట్టి టీకా పడిన దాదాపు అందరికీ రంగు వస్తుంది. జబ్బు జాడ విడిగా తెలియాలంటే వైరస్ లోపలి న్యూక్లియోకాప్సిడ్ ప్రోటీన్ మీద పుట్టినవాటిని వెదకాలి. అవేమో నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. 2020లో వచ్చిన దగ్గు సంగతి ఇప్పుడు తేల్చమంటే మీ డాక్టరుగారు నవ్వి ఊరుకుంటారు.