దగ్గు వెనుక గంజాయి: ఆసుపత్రిలో అడగని ప్రశ్న

విశాఖ మన్యంలోనూ, దాని దిగువన నర్సీపట్నం, అనకాపల్లి ప్రాంతాల్లోనూ గంజాయి అనగానే జనానికి గుర్తుకు వచ్చేవి చెక్‌పోస్టులు, పట్టుబడిన వ్యానులు, కోర్టు వాయిదాలు. ఎన్ని కిలోలు పట్టుకున్నదీ, ఎందరిని అరెస్టు చేసినదీ ఎప్పటికప్పుడు ప్రకటిస్తూనే ఉంటారు. ఆ పొగ పీల్చినవాడి ఊపిరి ఏమవుతున్నదో పట్టించుకునేవారు మాత్రం తక్కువ. మతి చెడుతుందని, చదువు పాడవుతుందని పెద్దలు హెచ్చరిస్తారు. అది నిజమే. కాని ఈ పొగ కొందరి ఒంటికి పడక ఎలర్జీగా మారుతుందనీ, ఉబ్బసం తెస్తుందనీ, అరుదుగానైనా ప్రాణం మీదికి తెస్తుందనీ చెప్పేవారు అరుదు.

భ్రమ గొలిపే మత్తు ఇచ్చేదే అయినా గంజాయి కూడా ఒక మొక్క. దాని పుప్పొడిలో, ఆకులో, పూగుత్తిలో కొన్ని మాంసకృత్తులు ఉంటాయి. వేరుశనగో, రొయ్యో పడనివారికి దద్దుర్లు లేచినట్లే, ఇవి పడనివారికి తుమ్ములు, కళ్ల వెంట నీరు, దురద, రెప్పల వాపు, ఛాతీలో పిల్లికూతలు వస్తాయి. గంజాయిలోని ఒక మాంసకృత్తి టమాటా, పీచ్ వంటి పండ్లలో ఉండేదానిని పోలి ఉండటం వల్ల, కొందరికి ఆ పండ్లు కూడా పడకుండా పోతాయని యూరప్ దేశాల వైద్యులు గుర్తించారు. పొగ ఎవరి గొంతునైనా మండిస్తుంది, అది వేరు. ఒళ్లు ఎదురుతిరగడం వేరు. రెండోదానికి కొద్ది మోతాదు చాలు.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. గంజాయి పొగ పీల్చిన ఒక యువతికి తీవ్రమైన ఎలర్జీ వచ్చిందని అమెరికా వైద్యులు 1971లోనే ఒక వైద్య పత్రికలో రాశారు. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో గంజాయి వ్యాపారం చట్టబద్ధమయ్యాక మరో విషాదం జరిగింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోల్యోక్ పట్టణంలో గంజాయిని పొడి చేసి సిగరెట్లుగా చుట్టే కర్మాగారంలో పనిచేసిన 27 ఏళ్ల యువతి 2022 జనవరిలో ఉబ్బసం ముదిరి మరణించింది. పనిలో చేరిన కొన్ని నెలలకే ఆమెకు దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. గంజాయి పొడి దుమ్మే ఇందుకు మూలమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2023లో వెల్లడించింది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఊపిరితిత్తులు ఒప్పుకోవని ఆ మరణం తెలిపింది.

మన ప్రాంతంలో మరో బెడద ఉంది. దొంగచాటుగా సాగే సరుకు సరిగా ఆరదు. పచ్చి తడితోనే అదిమి మూటలు కట్టి రోజుల తరబడి దాస్తే దానికి బూజు పట్టక మానదు. ఆ బూజు పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. బూజు పట్టిన గంజాయి తాగినవాడికి శ్వాసనాళాల్లో ఎలర్జీ జబ్బు వచ్చిన ఉదంతాన్ని 1978లోనే వైద్యులు ప్రకటించారు. ఆయాసం, దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు ఈ జబ్బు లక్షణాలు. క్షయకూ ఇవే లక్షణాలు. అందువల్ల మన దేశంలో ఈ బూజు ఎలర్జీని క్షయగా పొరబడి నెలల తరబడి క్షయ మాత్రలు మింగించడం వైద్యులకు తెలిసిన సమస్యే. కళ్లె పరీక్షలో క్రిమి కనబడక, మందులకు దగ్గు తగ్గక తిరిగే కుర్రవాడిని “గంజాయి తాగుతావా?” అని ఒక్క మాట అడిగితే దారి తెలియవచ్చు. ఆ ఒక్క మాటే ఎవరూ అడగరు.

పైగా గంజాయి దమ్ము ఉబ్బసానికి మందన్న నమ్మకం ఇంకా పోలేదు. దానికి చరిత్ర లేకపోలేదు. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి 1802లో మద్రాసు నుంచే ఇంగ్లండుకు చేరింది. ఆ తరువాత గంజాయి కలిపిన సిగరెట్లనూ ఉబ్బసం రోగులకు అమ్మారు. గంజాయిలోని మత్తు పదార్థం శ్వాసనాళాలను కాసేపు వెడల్పు చేస్తుందని 1970 దశకంలో కాలిఫోర్నియా పరిశోధకులు నిర్ధారించిన మాట కూడా వాస్తవమే. కాని రోజూ తాగేవారికి దగ్గు, కఫం ముదురుతాయని ఆ తరువాతి పరిశీలనల్లోనే తేలింది. కాసేపటి ఉపశమనం చూసి మందనుకోవడం మంట మీద నూనె పోసి వెలుగు వచ్చిందని సంతోషించడం వంటిది.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో గంజాయి, చరసు వాడేవారు సుమారు 1.3 కోట్లు. ఎలర్జీ వచ్చేది వీరిలో కొద్దిమందికే కావచ్చు. కాని ఇంతమందిలో కొద్దిమంది అన్నా చిన్న సంఖ్య కాదు. వారు నోరు విప్పకపోవడానికి కారణం భయం. డాక్టరుకు చెబితే పోలీసులకు తెలుస్తుందని, కేసు పెడతారని, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని ఇంటిల్లిపాదీ దాస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఈ భయానికి కొంత విరుగుడు ఉంది. వాడకం కేసులోనో, కొద్ది పరిమాణం కేసులోనో చిక్కిన వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు పొందిన కేంద్రంలోనో మాన్పించే చికిత్సకు వెళ్లి దానిని పూర్తి చేస్తే 64ఎ సెక్షన్ అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ సెక్షన్ గురించి ఎన్ని ఆసుపత్రుల గోడల మీద రాసి ఉంది?

తాగనివారి గోడు కూడా వినాలి. మోతుబరి వ్యాపారుల డబ్బుకు ఆశపడి, లేదా గతిలేక, గంజాయి కోసి ఎండబెట్టిన గిరిజన కూలీలు ఆ దుమ్ము పీల్చారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కచోట తగులబెట్టారు. అంత సరుకును పట్టి, తూచి, మోసి, కాల్చేది కానిస్టేబుళ్లు, హోంగార్డులే. మూటలు విప్పేవారి ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. పట్టుబడిన సరుకును పేర్చిపెట్టక త్వరగా వదిలించుకోవాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. ఆ ఆదేశాన్ని సిబ్బంది ఆరోగ్యం కోసమైనా తు.చ. తప్పక పాటించాలి.

పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే “మత్తు దిగితే అదే తగ్గుతుంది” అని పడుకోబెట్టరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఆ క్షణంలో ప్రాణం నిలిపేది తొడ కండరానికి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షనే. అది కొండ మీది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

జిల్లా వైద్యాధికారులు చేయవలసింది ఆట్టే లేదు. దగ్గు, ఆయాసంతో వచ్చే ప్రతి యువకుడినీ బీడీ, సిగరెట్టు గురించి అడిగినట్లే గంజాయి గురించీ నలుగురి ఎదుట కాక ఒంటరిగా అడగాలి. గంజాయి ఎలర్జీకి బజారులో దొరికే సులువైన పరీక్ష లేదు గనుక రోగి చెప్పే మాటే ముఖ్యం. చెప్పిన మాట ఆ గది దాటి పోదన్న భరోసా ఇవ్వాలి. మాన్పించే సలహా కోసం 14446 నంబరు ఉందని ప్రతి ఆసుపత్రిలో తెలుగులో రాయించాలి. తల్లిదండ్రులు కూడా పరువు కోసం డాక్టరు దగ్గర నిజం దాచరాదు. కేసుల లెక్క రాసే చేతులు ఇకనైనా ఊపిరి లెక్క కూడా రాయాలి.