కంటిలో కటకం సోకు కాదు

హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే మందపు కళ్లద్దాల వాడికి 'సోడాబుడ్డి' అని పేరు పడిపోతుంది. పదో తరగతి దాటినా ఆ పేరు వదలదు. కంటిలోపల కటకం పెట్టి అద్దాలు తీసేస్తారట అని వింటే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆశ పుట్టడం సహజమే. దాన్ని 'డబ్బున్నోళ్ల సోకు' అని కొట్టిపారేసే పెద్దలతోనే నాకు పేచీ.

లేసిక్ ఆపరేషన్‌లో కార్నియాను లేజరుతో చెక్కుతారు. సైటు ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ చెక్కాలి. మైనస్ పది, పన్నెండు ఉన్నవారికి చాలావరకు అంత మందం సరిపోదు. అటువంటివారికి ఐసీఎల్ అనే మెత్తటి, పలుచని కటకాన్ని మడిచి, సుమారు మూడు మిల్లీమీటర్ల గాటు గుండా ఐరిస్ వెనుక, మన సొంత కటకానికి ముందు అమరుస్తారు. శుక్లాల ఆపరేషన్‌లో లాగా సొంత కటకాన్ని తీసేయరు. అవసరమైతే పెట్టినదాన్ని మళ్లీ బయటకు తీయవచ్చు. అమెరికాలో ఎఫ్‌డీఏ దీన్ని 2005లో అనుమతించింది. కళ్లజోడు చీటీలో 'సిలిండర్' అని రాసే ఆస్టిగ్మాటిజాన్ని కూడా సరిచేసే టోరిక్ రకానికి 2018లో అనుమతి వచ్చింది.

ఇందులో సోకు ఎక్కడుంది? మైనస్ పన్నెండు అద్దంలోంచి చూస్తే బోర్డు మీది అక్షరం ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది, అంచుల్లో గీతలు వంగిపోతాయి. ఒక కంటికి రెండు, రెండో కంటికి పన్నెండు ఉన్నవాడి బాధ ఇంకా వేరు. రెండు బొమ్మలూ ఒకే సైజులో ఉండవు, జోడు పెట్టుకుంటే తలనొప్పి. బీమా నిబంధనలే చూడండి. ఐఆర్‌డీఏఐ 2019లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం 7.5 డయాప్టర్లకు తక్కువ ఉన్న సైటు సరిచేసే ఖర్చును కంపెనీలు మినహాయించవచ్చు. అంటే ఆ పైన ఉన్నది వైద్యమేనని వాళ్లే గీత గీశారు. సంక్షేమ హాస్టల్ పిల్లల విషయంలోనూ అదే గీత పాటించాలని నా అభిప్రాయం.

అయితే ముందు జోడు సంగతి తేలాలి. తెలంగాణలో 2018లో కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో బడి పిల్లలతో మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు మంచి పనులే. కాని ఎదిగే పిల్లల సైటు మారుతూనే ఉంటుంది. ఏడో తరగతిలో ఇచ్చిన జోడు ఇంటర్‌లో పనికిరాదు. ఈలోపు కాడ విరిగితే దారం కట్టుకుని నెట్టుకొచ్చేవాళ్లు మన డార్మిటరీల్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు. దుప్పటి, ప్లేటు, ట్రంకు పెట్టె ఇచ్చే జాబితాలో ఏటా కంటి పరీక్ష, కొత్త జోడు చేరాలి. అది లేకుండా ఐసీఎల్ అడగడం చొక్కా లేనివాడికి టై కొన్నట్టే.

డిగ్రీ తమ్ముళ్లకు ఒక మాట. ఇరవై ఒకటి నిండి, సైటు కనీసం ఏడాదిగా మారకుండా ఉంటేనే ఈ ఆలోచన. కంటి ముందు గదిలో చోటు చాలకపోతే పెట్టరు. కటకం మరీ దగ్గరగా కూర్చుంటే శుక్లం రావచ్చు, టోరిక్ రకం పక్కకు తిరిగితే చూపు మసకబారుతుంది. రెండు కళ్లకు ఖర్చు సాధారణంగా లక్ష దాటుతుంది. నాన్న పేరున వడ్డీకి తెచ్చి చేయించుకోవద్దు. ఉద్యోగం కోసమైతే ముందు నోటిఫికేషన్‌లో వైద్య నిబంధనలు చదవండి. రైల్వేలో లోకో పైలట్ పోస్టుకు లేసిక్ చేయించుకున్నవారిని తీసుకోరు. కటకం పెట్టినా సాగిన కన్ను సాగినట్టే ఉంటుంది, రెటీనా ఊడే ముప్పు పోదు. కళ్ల ముందు హఠాత్తుగా మెరుపులు, నల్లచుక్కలు కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులం ఏటా ఒక ఫ్యానో, వాలీబాల్ నెట్టో ఇచ్చి ఫొటో దిగుతున్నాం. ఈసారి ఆ డబ్బుతో ఒక ఆదివారం కంటి పరీక్ష పెట్టిద్దాం. వార్డెన్ గారు ఒప్పుకుంటే పేర్లు రాసే పని నేను చూసుకుంటాను.