అంతస్తులు పెరిగాయి... మరి నీళ్లో?

నగరంలో ఏ ఇబ్బంది వచ్చినా మనం ఠక్కున అనే మాట ఒకటుంది - 'జనం ఎక్కువైపోయారు!' అని. నిజమే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదరపు కిలోమీటరుకు సగటున 308 మంది ఉంటే, హైదరాబాద్ జిల్లాలో 18 వేల మందికి పైగా తేలారు. అలాగని తప్పంతా జనానిదేనా?

దగ్గర దగ్గరగా ఉండటంలో లాభాలూ ఉన్నాయి. ఒకే పైపులైను ఎన్నో ఇళ్లకు పనికొస్తుంది. బస్సు నిండుతుంది కాబట్టి తరచూ వస్తుంది. బడి, కూరగాయల బజారు నడిచి వెళ్లే దూరంలో ఉంటే పెట్రోలు ఖర్చూ, పొగా రెండూ తగ్గుతాయి. అదే ఊరు పలచగా నాలుగు వైపులా పాకిందనుకోండి, పొలాలు ప్లాట్లవుతాయి. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వెంట జరుగుతున్నది ఇదే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. కానీ బస్సే రాని కాలనీలో ఉన్న ఇల్లాలికి ఒరిగేదేముంది?

చిక్కెక్కడుంది?

2006 నాటి భవన నిబంధనలతో, స్థలాన్ని బట్టి ఇంతే కట్టాలన్న పరిమితిని హైదరాబాద్‌లో ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ చూసి ఎత్తుకు అనుమతులిచ్చారు. అంతస్తులు లేచినంత వేగంగా పాత వీధుల్లో పైపులు, మురుగు కాలువలు పెరగలేదు.

ఒక లెక్క వేసుకుందాం. 500 గజాల్లో ఒక కుటుంబం ఉన్న పాత ఇంటిని కొట్టి పది ఫ్లాట్లు కట్టారు. ఫ్లాటుకి నలుగురు చొప్పున 40 మంది. నగరవాసికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది ప్రభుత్వ ప్రమాణం. అంటే రోజుకు 5,400 లీటర్లు - ఇంచుమించు ఒక చిన్న ట్యాంకరు!

ఒకప్పుడు 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ నగరం దాహం తీర్చేవి. 2004 నుంచి కృష్ణ, 2015 నుంచి గోదావరి నీళ్లు తెచ్చుకుంటున్నాం. వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, కరెంటు మోటార్లతో ఎగదోసి మరీ! బోర్లు ఎండితే ట్యాంకరే దిక్కు. అది ఎప్పుడొస్తుందో తెలియక కాచుకుని కూర్చునేది, ఉన్న నీళ్లను బకెట్ల లెక్కన సర్దేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే.

మన చేతిలో ఏముంది?

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదే 500 గజాల స్థలం మీద అది దాదాపు 3.3 లక్షల లీటర్లు. అంతా దొరకదు గానీ, లెక్కకు ఆ 40 మందికి రెండు నెలల అవసరం. దాన్ని మురుగు కాలువలోకి వదిలేసి, వేసవిలో ట్యాంకరుకు డబ్బు పోస్తున్నాం!

అందుకే అపార్ట్‌మెంటు సంఘం మీటింగును మగవాళ్లకే వదిలేయకండి. వెళ్లి మూడు విషయాలు అడగండి. ఇంకుడు గుంత ఉందా? ఉంటే పూడిక తీసి ఎన్నాళ్లయింది? ఫ్లాటుకో మీటరు పెట్టారా? అలాగే పక్క స్థలంలో కొత్త భవనం లేస్తుంటే, వార్డు కార్యాలయానికి పదిమందిగా వెళ్లి 'మా వీధి పైపు ఎందరికి సరిపోతుంది?' అని అడగండి. జనం చేరడాన్ని ఎవరూ ఆపలేరు. వచ్చేవాళ్లకు నీళ్లు, బస్సు, కాలువ ముందుగా చూసిపెట్టమని అడగడం మాత్రం మన హక్కు.