సామోస్ ద్వీపపు ద్రాక్షాసవము – నిర్బంధ సహకారము

గ్రీసు దేశపు దీవులకు వేసవిలో విహారార్థము పోవువా రనేకులు. సముద్రస్నానముతోను, ప్రాచీన శిథిలముల దర్శనముతోను తృప్తినొందక, అచ్చట పండిన ద్రాక్షనుండి తీసిన యాసవమును అచ్చటనే రుచిచూడవలెనని ఆసవశాలనుండి ఆసవశాలకు తిరుగువారును వారిలో కలరు. పానమును ప్రశంసించుట మా యుద్దేశము కాదు. ఆ యాత్రికుని చేతి పాత్ర వెనుక నున్న కర్షకుని సంగతియు, అతని సహకార సంఘపు సంగతియు మన సభ్యు లెరుగదగినవని తలచి, సామోస్ అను నొక ద్వీపమును గూర్చి వ్రాయుచున్నాము.

సామోస్ ఈజియను సముద్రపు తూర్పుభాగమున, టర్కీ తీరమునకు మిక్కిలి సమీపమున నున్నది. పైథాగరసు పుట్టిన చోటు. అచ్చటి పర్వత మొకదానికి ఆంపెలోస్ అని పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు ద్రాక్షతీగ యని యర్థము. అయినను సుమారు రెండువేల యేండ్ల క్రిందట స్ట్రాబో యను భూగోళశాస్త్రజ్ఞుడు, చుట్టునున్న దీవులలో మంచి యాసవము దొరకుచున్నను సామోస్‌లో దొరకదని వ్రాసెను. పందొమ్మిదవ శతాబ్దమున నన్ననో, బైరను అను నాంగ్లకవి ఆ దీవి యాసవమును తన కావ్యమున కొనియాడెను. కావున నేలకు కీర్తి నేలతోనే పుట్టదు. పండించువాని పనితనము వలన కూడ కలుగును.

అచ్చటి ముఖ్యమైన పంట మస్కట్ అను జాతి తెల్లద్రాక్ష. పండు చిన్నది, పరిమళము మెండు. కొండవాలులందు రాతికట్టలు కట్టి మెట్లవలె తీర్చిన సన్నని మళ్లలో తీగలు నాటుదురు. సముద్రమునకు చేరువనున్న తోటలు ముందుగను, ఎత్తున నున్నవి వెనుకగను పక్వమగుటచే, ఆగస్టులో మొదలైన కోత వారములకొలది సాగును. ఇరుకైన మళ్లలో యంత్రము తిరుగదు. పని చేతులతోనే జరుగవలెను. కొందరు పండ్లను ఎండలో వాడ్చి, తీపి చిక్కబడిన పిమ్మట రసము తీయుదురు. మరియొక విధమున, రసములో సారాయము చేర్చి పులియుటను ఆపుటచే పండు తీపి నిలిచియుండును.

ఇంత శ్రమపడిన కర్షకుడు పూర్వము వర్తకుని చేతిలో చిక్కియుండెను. కారణము సులభముగా తెలియగలదు. కోసిన ద్రాక్ష నిలువ యుండదు. కొనువాడు రెండు దినములు ఆగగలడు, అమ్మువాడు ఆగలేడు. ఆ రెండు దినములే వర్తకుని బలము. దీనికి ప్రతిక్రియగా 1934వ సంవత్సరమున గ్రామ సహకార సంఘములన్నియు చేరి యొక సమాఖ్యగా నేర్పడినవి. ద్రాక్ష పండించు ప్రతివాడును సభ్యుడు కావలెననియు, పంట యంతయు సమాఖ్యకే యీయవలెననియు శాసన మేర్పడెను. సమాఖ్య స్వంత యాసవశాలలను నడపి, సామోస్ సరకును ఫ్రాన్సు మొదలగు దేశములకు పంపి పేరు తెచ్చెను. మాలగారి యను చోట తన పాతశాల యొకదానిని ప్రదర్శనశాలగా మార్చి యాత్రికులకు చూపుచున్నది.

ఇంతవరకు మేలే. కాని యిద్దరు కర్షకులు తమ పంటతో తామే యాసవము చేసికొందుమనియు, సమాఖ్యనుండి విడిపోదుమనియు కోరగా, శాసన మడ్డము వచ్చెను. వారు గ్రీసు న్యాయస్థానములలో ఓడి, ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమున కేగిరి. ఆ న్యాయస్థానము 2015 డిసెంబరు 3వ తేదీన వారి పక్షమున తీర్పు చెప్పెను. ఇష్టము లేనివానిని సంఘమున బంధించుట సంఘస్వాతంత్ర్యమునకు విరుద్ధమని దాని తాత్పర్యము. తరువాత నిర్బంధము తొలగెను. నేడు యాత్రికునికి సమాఖ్య శాలలతోపాటు స్వంత శాలలును కనబడుచున్నవి.

ఈ తీర్పు న్యాయమైనదనియే మా యభిప్రాయము. పోవుటకు వీలులేని సభ్యుడు సభ్యుడు కాడు. అతడు ఉండుటచేత సంఘము మంచిదని ఋజువు కాదు. తూకములోను ధరలోను లోపమున్నను, దానిని సరిదిద్దవలెనను భయము కార్యదర్శులకు కలుగదు.

కాని రెండవ పక్షమును మరువరాదు. బాట ప్రక్కన తోటయు, చక్కని ముంగిలియు, కొంత మూలధనమును గలవాడు యాత్రికుని పిలిచి తన సరకును మంచి వెలకు అమ్ముకొనగలడు. కొండపైన నాలుగు మళ్లు మాత్రమే గల ముదుసలి కర్షకుని యొద్దకు ఏ యాత్రికుడు పోవును? అతని ద్రాక్షకు కోతనాడు తూకము వేయువారెవరు? సమర్థులందరు నొక్కరొక్కరుగా వెడలిపోయినచో శాలల వ్యయమంతయు దుర్బలులపై బడును. మరల రెండు దినములు ఆగగల వర్తకుడే ప్రభువగును. కనుక స్వేచ్ఛ వచ్చిన పిమ్మట సంఘపు పని తగ్గలేదు, హెచ్చినది. పూర్వము శాసనము నిలిపిన సభ్యుని ఇకమీదట సరియైన ధరయు, కాలమునకు చెల్లింపును, దాపరికము లేని లెక్కలును నిలుపవలెను.

ఈ విషయము మనకును దూరము కాదు. ఆంధ్రదేశమున 1995వ సంవత్సరపు పరస్పర సహాయ సహకార సంఘముల శాసనము, ప్రభుత్వపు పట్టు లేక సభ్యులు తామే సంఘమును నడపుకొనుటకు దారి చూపెను. భారత రాజ్యాంగపు 97వ సవరణ సహకార సంఘములను స్థాపించుకొనుటను పౌరుల హక్కుగా పేర్కొన్నది. హక్కు కలిగినంత మాత్రమున సంఘము బలపడదు. ధర హెచ్చిన యేట బయట అమ్మి, తగ్గిన యేట సంఘపు వాకిట నిలుచు సభ్యుడును, అట్టివానిని గద్దించుటయే గాని తన లెక్కలను చూపని పాలకవర్గమును, ఇరువురును సంఘమునకు చేటు చేయువారే.

తలుపు తెరచియున్నను సభ్యులు లోపలనే యుండు సంఘమే నిజమైన సహకార సంఘము. రాబోవు సర్వసభ్య సమావేశమున మన సంఘము అట్టిదేనా యని ప్రతి సభ్యుడును ముందు తన్నుతాను, పిమ్మట పాలకవర్గమును ప్రశ్నింప వేడుచున్నాము.